నేను ముద్ర వేయని మేడతోట

రెండు వేల సంవత్సరం. సింగపూర్‌లో ఏ కొత్త ఆఫీసు భవనం లేచినా సగం అంతస్తులు ఐటీ కంపెనీలవే. తాంజోంగ్ పగార్‌లోని ఒక చిన్న డిజైన్ సంస్థలో నేను లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని. అంటే భవనాల చుట్టూ, మేడల మీదా ఉండే తోటలనూ నడకదారులనూ, వాన నీరు పోయే వాలులనూ గీసే మనిషిని. మా బంధువులు నన్ను ఇప్పటికీ ‘మొక్కల ఇంజనీరు’ అనే అంటారు.

అంతకుముందు నేను టెక్సాస్‌లో చదువుకుని, అక్కడే కొన్నేళ్లు పనిచేశాను. అమెరికాలో మా పనికి ఏ రాష్ట్రం లైసెన్స్ ఆ రాష్ట్రానిదే. డిగ్రీ ఉండాలి, లైసెన్స్ ఉన్నవారి కింద పనిచేసి ఉండాలి, ఆపైన పరీక్ష. అన్నీ అయ్యాక మన పేరూ నంబరూ ఉన్న సీల్ చేయించుకోవచ్చు. మనం గీసినవి, లేదా మన పర్యవేక్షణలో గీసినవి తప్ప ఇంకే డ్రాయింగు మీదా ఆ ముద్ర పడకూడదు. సింగపూర్‌లో మా వృత్తికి అలాంటి లైసెన్సే లేదు. భవనానికి ఆర్కిటెక్టు, అది మోసే బరువులకు ప్రొఫెషనల్ ఇంజనీరు సంతకం పెడితే చాలు. అందుకే నా సీల్ క్లెమెంటిలోని మా ఫ్లాట్‌లో, బట్టల బీరువా అడుగున పడి ఉండేది.

ఒకరోజు ఉదయం మా బాస్ లిమ్ తన గదికి పిలిచాడు. ఎదురుగా రాఘవరావు గారు కూర్చుని ఉన్నారు. కాకినాడ వైపు మనిషి, యాభై దాటిన వయసు. మా క్లయింటు అయిన ఒక అమెరికన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో భవనం వ్యవహారాలన్నీ ఆయనవే. ఆ ఆఫీసు క్యాంటీన్ పైకప్పు మీద మా సంస్థ ఒక తోట చేస్తోంది. అది గీసిన సహోద్యోగి ఉద్యోగం మానేసి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. నేను దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు.

అమెరికాలోని వాళ్ల హెడ్డాఫీసు ఒక మెలిక పెట్టిందట. తోట డ్రాయింగుల మీద లైసెన్స్ ఉన్న లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ముద్ర ఉంటేనే ప్రారంభోత్సవం. పై వారమే వాళ్ల చీఫ్ వస్తున్నాడు.

"నీ దగ్గర సీల్ ఉంది కదా, తెచ్చి వేసెయ్," అన్నాడు లిమ్ ఇంగ్లీషులో.

"ఇది నేను గీసింది కాదు సర్. పైగా నా లైసెన్స్ ఇక్కడ చెల్లదు."

"చెల్లదు కాబట్టే భయం లేదు. ఇక్కడ ఎవరడుగుతారు?"

రాఘవరావు గారు తెలుగులోకి దిగారు. "అమ్మా, మనమ్మాయే ఉందని నీ పేరు హెడ్డాఫీసుకి నేనే చెప్పేను. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

లిమ్‌కి తెలుగు రాదు గానీ నా తటపటాయింపు అర్థమైంది. "నీ వర్క్ పాస్ రెన్యూవల్ ఈ నెలలోనే కదా?" అన్నాడు మెత్తగా. మా ఆయన పనిచేసే స్టార్టప్ అప్పటికే మూతపడింది. నా ఉద్యోగం మీదున్న ఆ పాసే మమ్మల్ని ఆ దేశంలో ఉంచుతోంది. అది లిమ్‌కి తెలుసు.

ముందు చోటు చూసొస్తానని చెప్పి రాఘవరావు గారితో బయల్దేరాను.

డ్రాయింగుల్లో ఉన్నది జానెడు లోతు మట్టి, అందులో పొదలు. పైకెళ్లి చూస్తే నా ఛాతీ ఎత్తున మట్టి దిబ్బ! పక్కనే వేర్ల చుట్టూ గోనె కట్టి పడుకోబెట్టిన పెద్ద చెట్లు. పనివాళ్లు ఇంకా మట్టి బస్తాలు మోస్తూనే ఉన్నారు.

"ఇదేంటండీ?"

"మా చీఫ్‌కి పెద్ద చెట్లంటే ఇష్టంట. పొదలు బోసిగా ఉంటాయని మార్పించేం. మీ బాస్ సరేనన్నాడు."

"ఇంజనీరుకి చెప్పారా?"

ఆయన బస్తాల వైపు చెయ్యి ఊపి, "మట్టే కదమ్మా," అన్నారు.

తడిసిన మట్టి బరువు వేరు. ఆకులు పడి డ్రెయిన్ మూసుకుపోతే నిలిచిన నీటి బరువు దానికి తోడు. తలెత్తి చూశాను. మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. కింద క్యాంటీన్‌లో భోజనాల వేళ. పళ్లాల చప్పుడు, నవ్వులు మెట్ల దాకా వినిపిస్తున్నాయి.

"పని ఆపించండి. దిబ్బ మీద టార్పాలిన్ కప్పించి, ఇంజనీరుని పిలవండి."

"నువ్వు ఇంజనీరువా?" ఆయన గొంతు లేచింది.

"కాదండీ. అందుకే ఆయన్ని పిలవమంటున్నాను."

మేస్త్రీ ఆయన మొహంలోకి చూశాడు. ఆయన నా మొహంలోకి చూశారు. మొదటి చినుకులు మట్టి మీద పడ్డాయి. "కప్పండి," అన్నారాయన చివరికి. నేను కింద క్యాంటీన్ సంగతి ఎత్తేలోపే చరచరా మెట్లు దిగారు. తింటున్నవాళ్లను పళ్లాలతో సహా లేపి పక్క హాల్లోకి పంపడం నేను గుమ్మంలోంచి చూశాను. ఏమిటని అడిగిన ప్రతివాడికీ, "తర్వాత చెప్తాను, ముందు లేవండి," అనే అన్నారు.

నేను మళ్లీ పైకి వచ్చేసరికి లిమ్ ఫోన్. మేస్త్రీ చెప్పినట్టున్నాడు. "పని ఆపమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సర్. ఈ డ్రాయింగుల మీద నేను ముద్ర వేయను. ఇంజనీరు చూడకుండా ఇక్కడ ఒక్క బస్తా కూడా వేయనివ్వను."

అవతల ఫోన్ పెట్టేశాడు. పాస్ పోయినట్టే అనుకున్నాను. ఇంటికెళ్లి మా ఆయనకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ తడుస్తూనే నిలబడ్డాను.

మధ్యాహ్నం ఇంజనీరు గోహ్ వచ్చాడు. దిబ్బ చుట్టూ తిరిగి ఎత్తు కొలిచాడు. తన లెక్కలు మళ్లీ వేసుకుని, "పొడి మట్టయితే నిలబడొచ్చు. వరసగా వానలు పడితే మాత్రం నేను మాట ఇవ్వలేను. ఇవాళే దించేయండి," అన్నాడు. పెద్ద చెట్లు వెనక్కి వెళ్లిపోయాయి. మట్టి దించేదాకా క్యాంటీన్ తాళం తీయలేదు.

ముద్ర గొడవ తేలిన తీరు తల్చుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. ఈ దేశంలో ఈ వృత్తికి లైసెన్స్ లేదనీ, ఇంజనీరు సంతకమే చట్టమనీ రాఘవరావు గారు హెడ్డాఫీసుకి రాశారు. వాళ్లు సరేనన్నారు. అంతే. చీఫ్ వచ్చి, పొదల మధ్య నిలబడి ఫొటో దిగి, మీటింగుకి వెళ్లిపోయాడు. లిమ్ నా మొహం చూడకుండానే రెన్యూవల్ కాగితాల మీద సంతకం పెట్టాడు. ఆ క్లయింటు పనుల్లోకి మాత్రం నన్ను మళ్లీ రానివ్వలేదు.

కొన్నాళ్లకు క్లెమెంటిలో తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో రాఘవరావు గారు కనిపించారు. టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగారు. "అమ్మా, నిజం చెప్పు. ఆ రోజు అది కూలిపోయేదా?"

"తెలీదండీ."

"కూలిపోయేదని చెప్తే బాగుణ్ణు. చెట్లు వెనక్కి పంపించేసేనని హెడ్డాఫీసులో నన్నింకా పిరికివాడి కిందే చూస్తన్నారు."

ఆయన కోసమైనా అవునని చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. మా పనిలో తప్పు జరిగితే లోకమంతా చూస్తుంది. సరిగ్గా చేసినప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు. పైన పొదలు తడుస్తుంటాయి, కింద జనం మామూలుగా అన్నం తింటుంటారు. అదే ఫలితమని నమ్మి, ఎవరూ మెచ్చుకోకపోయినా బతకడం నాకు నేర్పింది ఆ తోటే.