పండగ లేని ఇంటికి పండగ మెసేజ్

ఈ రోజు నాలుగు కిలోల కొబ్బరి లౌజు చుట్టి, పొట్లాలు కట్టేసరికి, మా ఇంటి మిఠాయి వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ అమ్ముతానంటూ అమలాపురం నుంచి ఒకాయన వచ్చారు. నా పుస్తకంలోని కొనుగోలుదారుల పేర్లూ, ఫోన్ నంబర్లూ అన్నీ అందులోకి ఎక్కించి, ఒక్క నొక్కు నొక్కి అందరికీ దసరా శుభాకాంక్షలు పంపించేశారు. అత్తగారు పోయి, ఈ ఏడాది పండగలు చేసుకోని సత్యవతి గారికి కూడా! పదేళ్లుగా మా దగ్గరే కొనే మనిషి దూరమైపోతారేమోనన్న భయంతో వెంటనే ఫోన్ చేసి క్షమించమన్నాను.

"ఆయ్, పండగ లేదు గానండీ, తినడం మానేసేమా ఏంటండీ? రెండు కిలోలు పంపించండి," అన్నారావిడ.

"చూసేరా మేడమ్, మెసేజ్ పెట్టగానే ఆర్డరొచ్చేసింది!" అని మురిసిపోయారు, పక్కనే వింటున్న సాఫ్ట్‌వేర్ ఆయన.

'ఈ ఏడు పండగ లేదు' అని రాసుకునే గడి ఉన్న సాఫ్ట్‌వేర్ మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. అదే కొంటాను.