అలికిన గోడ

జాంబెజీ లోయలో వానలకు ముందు ఇళ్లలో దోమల మందు కొట్టేవాళ్లలో మిజింగ అంత నోటిదురుసు మనిషి ఇంకొకరు లేరు. వీపున పంపు కట్టుకుని పన్నెండేళ్లుగా ఊళ్లు తిరుగుతోంది. మందు కొట్టాక ప్రతి ఇల్లాలికీ గుమ్మంలోనే ఒకటే పాఠం చెబుతుంది: ఆరు నెలలు గోడ ముట్టుకోకూడదు, రక్తం తాగిన దోమ ఆ గోడ మీద వాలే చస్తుంది, పైన మట్టి పూశారో మందు దండగ. చుట్టాలొస్తున్నారంటే లోపలి గోడలకు కొత్త మట్టి పూయడం అక్కడి మర్యాద. అందుకే ఆ పాఠం చాలామందికి తిట్టులా వినిపించేది.

ఆమె సొంత ఊరి వంతు ఈ ఏడే మొదటిసారి వచ్చింది. తీరా సొంతింట్లో ఆ నోరు పెగల్లేదు. నాలుగేళ్ల కిందట, భర్త చబోత శవం ఇంకా లేవకముందే, అత్త పదిమందిలో "నా కొడుకును మింగింది" అంది. అప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఏదైనా చెప్పాల్సి వస్తే కోడిని అదిలిస్తూ కోడికి చెప్పినట్టు చెప్పేవారు. మిజింగ నాలుగు గోడలకూ మందు కొట్టి, మూతి బిగించుకుని, ఆరువారాల పనికి వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి కూతురు లుయాండో వచ్చి పన్నెండు రోజులైంది. చోమాలో, దోమలు అంతగా లేని చల్లని మెట్టసీమలో, మేనత్త దగ్గర పెరిగిన పిల్ల. ఐదోనెల కడుపుతో నాయనమ్మను చూసిపోదామని వచ్చింది. లోయవాళ్లు జ్వరాన్ని ఎలాగోలా తట్టుకుంటారు. అలవాటు లేని ఒంటికి, అందులోనూ కడుపుతో ఉన్నదానికి, అది యముడే.

గోడలన్నీ కొత్త మట్టితో ఎర్రగా మెరుస్తున్నాయి. మనవరాలు వస్తోందని ముసలమ్మ మూడు రోజులు నడుం వంచి పూసింది. ఉక్కపోస్తోందని దోమతెర తీసి మూల పడేశారు. మిజింగ కూతురి నుదురు తాకి చూసింది. ఒళ్లు కాలిపోతోంది.

ఎడ్లబండి మీద ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. లుయాండోను లోపలికి తీసుకెళ్లగానే మిజింగ అత్త మీదికి తిరిగింది.

"నీ మట్టితో నా కూతుర్ని పూడ్చేశావు కదే, ముసల్దానా."

ముసలమ్మ బెదరలేదు. "ఊరందరికీ చెప్పావంట కదా, పూయొద్దని. నాకొక్క ముక్క చెప్పావా? గోడల మీద మందు ఆరిన తెల్లమచ్చలు చూసి మురికనుకున్నా."

చెప్పలేదన్నది నిజం. పంతం కొద్దీ చెప్పలేదు.

మధ్యాహ్నానికి నర్సు బయటికొచ్చి తల్లి బతికిందని చెప్పింది. బిడ్డ సంగతి ఇద్దరిలో ఎవరూ అడగలేదు.