పదిహేడో నంబరు సీసా

మా కాలేజీ లాబ్‌ని కొత్త రీసెర్చి భవనంలోకి మారుస్తున్నారు. మొన్న పాత బీరువా ఖాళీ చేస్తూ, నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, పారబోసేయనా అని అడిగింది. మూత చుట్టూ కొవ్వొత్తి మైనం, మీద వంకర అక్షరాల్లో పదిహేడు. వద్దని సీసా నా వైపు లాక్కున్నాను.

ఆ అంకె వేసింది ఒక మామ్మగారు. మొగల్తూరు వైపు వరిచేలు రొయ్యల చెరువులవుతున్న రోజుల్లో, అక్కడి బావుల్లో ఉప్పు ఎంత పెరుగుతోందో నెలనెలా కొలవడం నా పరిశోధన. మా కాలేజీలో పీహెచ్‌డీకి దిగిన మొదటిదాన్ని నేనే, ఆ గొప్ప కాస్త నెత్తికెక్కి ఉండేది. మామ్మగారి బావి నా జాబితాలో పదిహేడోది. సీసాని అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి పట్టాలని ఒక్కసారి చెప్పాను. ఆ తర్వాత ఎండకి విసుగొచ్చి నేనే రెండుసార్లతో సరిపెట్టబోతే ఆవిడ ఊరుకునేవారు కాదు. ఉప్పు కొలిచే నా మీటరు మీద మాత్రం ఆవిడకి పెద్ద గురి లేదు. కందిపప్పు మెత్తగా ఉడికితే మంచినీళ్ళు, ఉడక్కపోతే కాదు, అంతే.

ఆఖరి వేసవిలో నేను వెళ్ళలేదు. మా గైడుగారు రిటైరయ్యేలోగా థీసిస్ ఇచ్చెయ్యాలి. పప్పు ఉడకడం లేదని కబురు చెప్పి, మామ్మగారే నీళ్ళు పట్టి, మైనం పెట్టి, వాళ్ళ ఊరి మాస్టారి చేత సీసా పంపారు. అప్పటికే ఆ నెలకీ కిందటి నెల అంకెనే దించి టైపుకి ఇచ్చేశాను. సీసాని బీరువాలో పెట్టి తాళం వేశాను.

డాక్టరేటు వచ్చాక ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని వెళ్ళాను. ఆవిడ భోజనం పెట్టారు. పప్పు పలుకుపలుకుగా ఉంది. నేను తలెత్తేలోపే ఆవిడే సర్దిచెప్పారు.

"పప్పుదే తప్పయ్యుంటదిలే అమ్మా. నీళ్ళు మంచియ్యేనని నువ్వు పుస్తకంలో రాశావంట కదా, మాస్టారు చెప్పారు. అయ్యే తాగుతున్నాం."

నమిలి మింగాను. నిజం చెప్పలేదు. అది మొదలు ఇంట్లో కుక్కరు మూత తీసినప్పుడల్లా గరిటెతో పప్పు నొక్కి చూస్తాను, ఎందుకని మా ఆయన ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఈ అమ్మాయి పరిశోధన మొదలయ్యేది నా అంకెల మీదే. అందుకని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆ పిల్ల మైనం గీకి, మీటరు ముంచింది. అంకె నేను రాసినదాన్ని దాటి చాలా పైకి వెళ్ళి ఆగింది.

"ఏం రాయమంటారండి?"

"కనిపించిందే రాయమ్మా. తప్పు నాదని కింద నా పేరు పెట్టు."

మామ్మగారు పోయారు, బావి పూడ్చేశారు. ఆ వేసవి మాత్రం నేను తాళం వేసిన చోటే ఇన్నేళ్ళూ కూర్చుని ఉంది.