ఆ ఇంట్లో తినని ముద్ద

నా చిన్నప్పుడు మా నాన్న జాంబియాలో ఒక పల్లెటూరి బడిలో లెక్కల మాస్టారు. ఐర్లండ్ వచ్చి, ఈ పోర్ట్‌లీష్‌లో నర్సుగా చేస్తూ చేస్తూ జుట్టు నెరిసిపోయింది కానీ, ఆ ఊరి ఎర్రమట్టి ఇంకా కళ్ళముందే ఉంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎయిడ్స్ జబ్బుతో ఊళ్ళో ఎన్నో ఇళ్ళు ఖాళీ అవుతున్న రోజులు. బడిలో నాకంటే రెండు క్లాసులు పైన చదివే ఒక పిల్లకి తల్లీ తండ్రీ ఇద్దరూ ఏడాది తిరక్కుండా పోయారు. దానికి ఇద్దరు తమ్ముళ్ళు, చిన్నవాడు ఇంకా చంటివాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ పిల్లల్ని తలో ఇంటికీ పంచుకోలేదు. పొయ్యి ఆరిందంటే తండ్రి తరఫువాళ్ళు వచ్చి ఇల్లూ పొలమూ లాక్కుని, పిల్లల్ని తలోదిక్కుకీ పంపేస్తారని వాళ్ళ భయం. అందుకని వంతులు వేసుకుని, రోజుకొకరు మొక్కజొన్న పిండీ ఆకుకూరా పట్టుకెళ్ళి ఆ ఇంటి పొయ్యి మీదే వండేవారు. వచ్చినవాళ్ళ చేతుల మీద నీళ్ళు పోసి, సంకటి పళ్ళెం మధ్యలో పెట్టేది మాత్రం ఆ పిల్లే. అందరూ ఆ ఒక్క పళ్ళెంలోనే తినాలి.

మా పక్కింట్లో ఉండే ఆ ఊరావిడని నేను పెద్దమ్మా అనేదాన్ని. తన వంతు వచ్చిన ఒక ఆదివారం నన్నూ వెంట తీసుకెళ్ళింది. బయల్దేరేముందు మా అమ్మ, ఆ ఇంట్లో ఏదీ నోట్లో పెట్టనని నాచేత ఒట్టు వేయించుకుంది. అమ్మని తప్పుపట్టలేను. ఆ జబ్బంటే అప్పట్లో అందరికీ హడలే.

మేం వెళ్ళేసరికి పిల్లల చిన్నాన్న వచ్చి ఉన్నాడు. పిల్లల్ని తీసుకుపోతానంటున్నాడు. పెద్దమ్మ పొయ్యి రాజేసి వంట చేసింది. ఆ పిల్ల చెంబు పట్టుకుని ఒక్కొక్కరి చేతుల మీదా నీళ్ళు పోసుకుంటూ నా దగ్గరికొచ్చింది. అమ్మకి వేసిన ఒట్టు గుర్తొచ్చి నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

అతను చూడనే చూశాడు.

"మాస్టారి కూతురే ఇక్కడ ముద్ద ముట్టడం లేదు. రేపు ఈ గడప ఎవరు తొక్కుతారు?" అన్నాడు.

పళ్ళెం పెట్టాక పెద్దమ్మ నా వంతు ముద్ద కూడా తనే తీసుకుని తింది. తర్వాత చాలాసేపు అతనితో వాదించింది, బతిమాలింది కూడా. పెద్దపిల్లలిద్దర్నీ వదిలాడు. చంటివాణ్ణి మాత్రం సైకిలెక్కించుకుని వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఏడవలేదు. సైకిలు కనిపించినంతసేపూ వాకిట్లో నిలబడి చూసింది.

పెద్దమ్మ నా చేయి పట్టుకుని తిరిగి తీసుకొచ్చింది. ఇంటి దగ్గర చేయి వదిలిపెడుతూ అంది: "పిండి ఎవరైనా తెచ్చిస్తారమ్మా. వాళ్ళు పెట్టింది తినేవాళ్ళుంటేనే అది ఇల్లు." తిడితే బావుండేది.

కిందటి చలికాలం మా వీధిలో ఒక ఐరిష్ తల్లి చనిపోయింది. వండినవన్నీ అందరూ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతున్నారు. నేను బియ్యం, చికెన్ పట్టుకెళ్ళి వాళ్ళ వంటింట్లోనే వండాను. పదమూడేళ్ళ వాళ్ళ అమ్మాయి నాకు టీ పెట్టి, మాడిన టోస్టు ఇచ్చింది. కూర్చుని అంతా తిన్నాను. పెట్టడానికి వెళ్ళి తిని వచ్చావేంటని మా అమ్మాయి ఇంగ్లీషులో నవ్వింది. అప్పుడు దానికి ఇదంతా చెప్పాను.

ఎవరింట్లో ఏం పెట్టినా కాదనకపోవడం ఆ ఆదివారం నుంచీ వచ్చిన అలవాటే. అయితే ఏం లాభం, ఎన్ని ఇళ్ళలో తిన్నా ఆ చంటివాడు అక్క దగ్గరికి తిరిగి రాడు కదా.