సుక్కికి తొడిగిన కోటు

పర్వతాలు చేతి దగ్గర ఏ గుడ్డ నాటకాలూ సాగవు. ముప్పై ఏళ్లుగా బొగ్గుల ఇస్త్రీ పెట్టె పట్టిన చెయ్యి అది. బట్ట ఏదైనా సరే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపాడంటే అది నూలో, సగం నూలో, పట్టు పేరు పెట్టుకుని తిరిగే నైలానో తేలిపోవలసిందే. చదువు రాదు. లోపల కుట్టిన చీటీ మీద ఏం రాసుందో అతనికి అక్కర్లేదు కూడా. కాప్రా చెరువుకు రెండు వీధుల ఇవతల, ఐదంతస్తుల అపార్ట్‌మెంటు గేటు పక్కన, ప్రహరీకి ఆనించి ఉంటుంది అతని బండి. ఆ అపార్ట్‌మెంటులోని ఇళ్లన్నీ పండగలకూ పెళ్లిళ్లకూ మడత నలగకుండా బయల్దేరాయంటే అది ఆ చేతి చలవే.

అయితే ఈ విద్య వల్ల అతనికి ఒరిగింది తక్కువ, మూడింది ఎక్కువ. మూడో అంతస్తులో బాబూరావు గారిది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ. నాలుగేళ్ల కిందట ఆయన భార్య సీతామహాలక్ష్మి ఎవరిదో పెళ్లికి కట్టుకోవాలని ఒక చీర పంపింది. పర్వతాలు ఊరుకోవచ్చు కదా. చీర అంచు నలిపి చూసి, ఆవిడ కిందికి దిగినప్పుడు పదిమందిలో అనేశాడు.

"ఇది అసల్ పట్టు గాదమ్మా. సగం నైలాన్ కలిపిండ్రు. అందుకే పెట్టె జెర చల్లబడ్డంక చేసిన."

సీతామహాలక్ష్మి ముఖం మాడిపోయింది. "మా అన్నయ్య కంచి వెళ్లి దగ్గరుండి నేయించిన చీర అది. పట్టు గురించి నీకేం తెలుసోయ్?" అంది.

ఆ తర్వాత రెండు నెలలు ఆ ఇంటి నుంచి ఒక్క చేతిరుమాలు కూడా దిగలేదు. పైగా, గేటు దగ్గర బండి ఉండటం అందంగా లేదన్న మాట సంఘం మీటింగులో మొదటిసారి వచ్చింది. పర్వతాలు భార్య ఎల్లమ్మ లబోదిబోమంది.

"నీ నోరే నీకు దుష్మన్ అయితున్నది. ఇస్త్రీ చెయ్యమంటే ఇస్త్రీ చెయ్యి. బట్టలకు జాతకాలు చెప్పకు" అని గట్టిగా గడ్డి పెట్టింది.

పర్వతాలు నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు. మనవాళ్లకు బతకడం కోసం అన్నిటికంటే ముందు వచ్చే విద్య అదే. అతనికి మరీ బాగా వచ్చింది.

సుక్కి ఆ వీధి కుక్క. నుదుటి మీద తెల్ల చుక్క ఉందని పర్వతాలే ఆ పేరు పెట్టాడు. తొమ్మిదేళ్లది. ఒకసారి గజ్జి పట్టి, వీపు మీద బొచ్చంతా ఊడిపోయింది. గజ్జి పోయింది కానీ బొచ్చు తిరిగి రాలేదు. చలికాలం వస్తే చెరువు మీంచి వీచే గాలికి అది వణికి చచ్చేది. దాని కోసం పర్వతాలు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సాయంత్రం బండి కట్టేసే ముందు, రోజంతా పోగైన బూడిదను ఇనప తట్టలో పోసి, నిప్పు రవ్వలు ఏరి పారేసి, అరచేత్తో నాలుగు వైపులా నొక్కి చూసి, బండి వెనక గోడ మూలన మందంగా పరిచేవాడు. గాలి కొట్టకుండా బండి చక్రాలకు అడ్డంగా గోనెసంచి కట్టేవాడు. సుక్కి ఆ బూడిదలో మూడు చుట్లు తిరిగి, ముక్కు తోకలో దోపుకుని పడుకునేది. తెల్లవారుజాము దాకా అడుగున గోరువెచ్చగా ఉండేది. ఎప్పుడన్నా ఏరివేతలో తప్పిపోయిన రవ్వ చురుక్కుమంటే, కుయ్యిమని గెంతి, ఒళ్లు విదిలించుకుని, మరో పక్కకు సర్దుకునేది. అంతకు మించి ఎన్నడూ ఏం కాలేదు.

"నాకు గిట్ల ఒక్కనాడన్న పక్క పరిచినవా?" అని ఎల్లమ్మ దెప్పేది. అలా ఆరు చలికాలాలు గడిచాయి.

ఏడో చలికాలంలో సింధూర వచ్చింది. బాబూరావు గారి కూతురు. ఆఫీసు పని ఇంట్లోనే చేసుకుంటుంది, కుక్కలంటే ప్రాణం పెడుతుంది. ఆ పిల్ల మనసు మంచిదే, అందులో అనుమానం లేదు. మంచి మనసున్న వాళ్లతో చిక్కేమిటంటే, తాము చేసేది మంచే కాబట్టి ఇంకొకరిని అడగాల్సిన పని వాళ్లకు కనబడదు. డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం నారింజ రంగు కోటు ఒకటి పట్టుకుని కిందికి వచ్చింది. దళసరిగా, లోపల దూది కూరినట్టు మెత్తగా ఉంది. పొట్ట కింద బిగించడానికి రెండు క్లిప్పులు.

"పర్వతాలూ, కాస్త దీన్ని కదలకుండా పట్టుకో. ఇవాళ్టి నుంచి మన సుక్కికి చలి లేదు" అంది.

పర్వతాలు ఒక చేత్తో కుక్కను పట్టుకుని, రెండో చేత్తో కోటు అందుకున్నాడు. వేళ్లు ఊరుకోలేదు. నలిపి చూశాయి. ఒక్క పోగు నూలు లేదు. నిప్పు తగిలితే కాలి బూడిదయ్యే గుడ్డ కాదది. కరిగి, పాకంలా జారి, దేన్ని ముట్టుకుంటే దాన్ని పట్టుకుని వదలని రకం.

"మేడం, ఇది..." అన్నాడు.

"ఏంటి?"

పర్వతాలు తల ఎత్తాడు. మూడో అంతస్తు బాల్కనీలోంచి సీతామహాలక్ష్మి చూస్తోంది.

"ఏం లేదు మేడం. మస్తుగున్నది" అన్నాడు.

"ఇంకెప్పుడూ దీన్ని ఆ బూడిదలో పడుకోబెట్టకు, ప్లీజ్. వీపు చూడు ఎలా అయిపోయిందో! అంతా ఆ బూడిద వల్లే."

గజ్జి సంగతి చెబుదామనుకున్నాడు. అదీ చెప్పలేదు. సింధూర సుక్కితో ఫోటో దిగి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టింది. జనం మెచ్చుకున్నారు. ఆ రాత్రి అన్నం తింటూ పర్వతాలు భార్యతో అన్నాడు.

"అది ఉత్త ప్లాస్టిక్కే. నిప్పు తాకితే తోలుకు అంటుకపోతది."

"మరి ఆ పిల్లకు చెప్పకపోతివి?"

"చీర ముచ్చట యాది లేదా నీకు?"



పది రోజులు పర్వతాలు బూడిద పరచలేదు. కోటు మాత్రం మంచుకు తడిసేది. తడి కోటు ఒంటికి అంటుకుని, తెల్లారేసరికి సుక్కి మునుపటి కంటే ఎక్కువ వణికేది. చల్లారిన గోడ మూలకు వచ్చి, నేల వాసన చూసి, పర్వతాలు ముఖంలోకి చూసేది. ఆ చూపు అతను తట్టుకోలేకపోయాడు. పదకొండో రోజు చలి మరీ ముదిరింది. సాయంత్రానికే పళ్లు టకటకమన్నాయి. ఏమైతే అయిందని బూడిద తట్టలోకి తీశాడు.

ముందుగా కోటు విప్పుదామని క్లిప్పు మీద చెయ్యి వేశాడు. గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ లక్ష్మణ్ చూశాడు.

"అన్నా, అది విప్పకు. పొద్దుగాల కోటు కనవడలేదనుకో, దొంగతనం నీ మీద్కే వస్తది. సెక్రటరీ సారు సంగతి ఎర్కే గదా" అన్నాడు.

నిజమే. పర్వతాలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంత చలిలో వేడి కాస్త ఎక్కువ సేపు నిలవాలని, ఎప్పటికంటే ముందే, ఎప్పటికంటే వెచ్చటి బూడిద పోశాడు. అరచేత్తో నొక్కి చూశాడు. బాగానే ఉందనిపించింది. నిప్పు పక్కన ముప్పై ఏళ్లు బతికిన అరచేతికి ఏది వేడిగా అనిపిస్తుంది?

బండి మీద చివరి మూట కడుతుండగా ముందు వాసన వచ్చింది. ఆ వాసన ఏ ఇస్త్రీ మనిషికైనా గుండె ఆగేలా చేస్తుంది. నైలాన్ చీర మీద పెట్టె మరిచిపోతే వచ్చే వాసన. ఆ తర్వాత అరుపు. మునుపైతే రవ్వ తగిలిన క్షణమే సుక్కి గెంతేసేది. ఇప్పుడు దళసరి కోటు ఆ మంటను దాని దాకా రానివ్వలేదు. వచ్చాక మరి వదల్లేదు. సుక్కి లేచి పరిగెత్తింది. నిప్పు కూడా దాంతోపాటే పరిగెత్తింది. పర్వతాలు వెంటపడి పట్టుకుని, బట్టల మీద చిలకరించే నీళ్ల బకెట్టు దాని మీద కుమ్మరించాడు. క్లిప్పులు ఊడలేదు. బలమంతా పెట్టి లాగితే గుడ్డ వచ్చింది. గుడ్డతో పాటు తోలూ వచ్చింది.

సింధూర చెప్పులు కూడా లేకుండా దిగి వచ్చి, కారులో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. మూడో రోజు మధ్యాహ్నం సుక్కి చచ్చిపోయింది.

అపార్ట్‌మెంటు గ్రూపు భగ్గుమంది. ఇస్త్రీవాడు కుక్కను కాల్చేశాడని ఒకరు, ఇవాళ కుక్క, రేపు ఇళ్లు అని ఒకరు. ఆదివారం పొద్దున సెల్లారులో సంఘం వాళ్లు కుర్చీలు వేసుకు కూర్చుని పర్వతాలును పిలిపించారు. ఎల్లమ్మ కూడా వచ్చి పక్కన నిలబడింది.

"వద్దని మా అమ్మాయి చెప్పిందా లేదా? చెప్పినా ఎందుకు చేశావ్? ఇంక ఈ బండి ఇక్కడ ఉండటానికి వీల్లేదు" అన్నాడు బాబూరావు.

పర్వతాలు తల దించుకున్నాడు. సింధూర లేచింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నాన్నా, అతన్నేం అనకండి. చలికి తట్టుకోలేదనే కదా చేశాడు. తప్పు నాది. నిప్పుకు దూరంగా ఉంచాలని కోటు చీటీ మీద రాసే ఉంది, నేనే చెప్పలేదు. ఆ గుడ్డ అలా అంటుకుంటుందని పాపం అతనికేం తెలుస్తుంది?" అని, అతని వైపు తిరిగింది. "నీకు తెలీదు కదా, పర్వతాలూ?"

అందరూ అతని వైపే చూశారు. తెలుసంటే తెలిసి చంపినవాడవుతాడు. బండి పోతుంది. బండి పోతే ఈ వయసులో కొత్త గేటు ఎక్కడ వెతుక్కోవాలి? తెలీదంటే ఆ పిల్ల తప్పు మొత్తం తన నెత్తినే వేసుకుని బతుకుతుంది.

"తెల్వదు మేడం" అన్నాడు.

సీతామహాలక్ష్మి నిట్టూర్చింది. "వాడికేం తెలుస్తుందిలెండి, వదిలేయండి" అంది భర్తతో. సంఘం కరిగింది. బండి ఉండవచ్చు. బూడిద మాత్రం ఎప్పటికప్పుడు నీళ్లు పోసి చెత్తబండికి వెయ్యాలి.

మెట్లెక్కుతూ ఎల్లమ్మ మెల్లగా అంది. "మొదటిరోజే నాతోని అంటివి. ఆమెతోని సుత ఒక్క మాట అనుంటే..."

"నువ్వే గదనే నోరు ముయ్యమన్నది" అన్నాడు పర్వతాలు. అనగానే తన మీద తనకే అసహ్యం వేసింది. ఎల్లమ్మ ముఖం తిప్పుకుంది.

మర్నాడు ఏడింటికి బొగ్గులు రాజేశాడు. మొదటి మూట ఐదో అంతస్తు ఆవిడది. ఎప్పుడూ పిల్లలతో పంపేది, ఇవాళ తనే దిగి వచ్చింది. పైన ఉన్న చీర తీసి విడిగా అతని చేతిలో పెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఇది సింథటిక్, పర్వతాలూ. ఎక్కువ వేడి తగిలితే కరిగిపోతుంది. గుర్తుపెట్టుకో, సరేనా?"

చీర అతని చేతిలోనే ఉంది. అది శుద్ధమైన నూలు.

"చెప్పి మంచిపని చేసిండ్రు మేడం" అన్నాడు పర్వతాలు.