కటింగ్ మాస్టరు సాయం

కుట్టు దుకాణంలో కటింగ్ మాస్టరు నోరు తెరిస్తే తేనె కారుతుంది. ఎవరైనా ఏడిస్తే మాత్రం పని ఆపి, సినిమా చూసినట్టు కళ్లార్పకుండా చూస్తాడు. ఆ రోజు ముసలి దర్జీ పిన్ని కళ్లజోడు కనబడలేదు. అది లేనిదే ఆమె సూదిలో దారం ఎక్కించలేదు. ఆ సంగతి యజమాని చెవిన పడితే రేపటినుంచి పని ఉండదు. మాస్టరు మోకాళ్ల మీద పాకి మరీ వెతికాడు.

"కంగారుపడకు పిన్నీ, నీ కొడుకులాంటివాణ్ణి, నేను లేనూ?"

అందరి సొరుగులూ లాగి చూసిన ఆ మనిషి తన సొరుగు జోలికి పోలేదని గుండీలు కుట్టే అమ్మాయి గమనించింది. ఆమె లేచి, మాస్టరు సొరుగు లాగి, కళ్లజోడు తీసి పిన్ని చేతిలో పెట్టింది. అప్పుడైనా అతను సిగ్గుపడి ఉంటే మనిషయ్యేవాడు.

"చూశావా పిన్నీ, దొరుకుతుందన్నానా లేదా?" అంటూ అందరికంటే ముందు అతనే నవ్వాడు. ఆ నవ్వుతోనే అమ్మాయి బల్ల మీదున్న కత్తెర కేసి తీరిగ్గా చూశాడు.