సెకనుకు పన్నెండు బొమ్మలు

పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళుందనగా, ఒక జనవరిలో నన్ను శ్రీరాంపూర్ దగ్గరి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని శిక్షణ కేంద్రానికి ఇన్‌స్ట్రుమెంటేషన్ ఫోర్‌మన్‌గా మార్చారు. అప్పటిదాకా ఫ్యాన్ల చుట్లు, బెల్టుల వేగం, మీథేన్ శాతం కొలిచినవాణ్ని. సెకనుకు ఎన్ని, నిమిషానికి ఎన్ని అనే మాట వినబడితే చాలు, తిండి మానేసి పరుగెత్తే రకం.

అక్కడ నా చేతికి డంపర్ సిమ్యులేటర్ వచ్చింది. వంద టన్నుల మట్టిని మోసే బండిని నడపబోయేవాళ్ళు ముందు దీనిమీద పరీక్ష పాసవ్వాలి. పేరు గొప్పదే గానీ, లోపలున్నది కుర్రాళ్ళు కారు పందేలాడే గేమింగ్ సామానే. ఒక స్టీరింగ్, పెడళ్ళు, మూడు తెరలు, కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు. ఆ కార్డు సెకనుకు అరవై బొమ్మలు గీస్తే రోడ్డు నిజంగా కదులుతున్నట్టే ఉంటుంది. ఆ లెక్కనే ఫ్రేమ్ రేటు అంటారు.

గనివాళ్ళకు దుమ్ముతో పాత పగ. కొత్త యంత్రం రాగానే గాలి చొరకుండా బిగించి మూసేయడం మా అలవాటు. నేనే వడ్రంగుల చేత ప్లైవుడ్ పెట్టె చేయించి, సందులకు స్పాంజి అంటించి, కంప్యూటర్‌ను అందులో పెట్టించాను. ఎంత మురిసిపోయానో! ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఫ్రేమ్ రేటు చూసి, ‘అరవై, బాగుంది’ అని లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేవాణ్ని.

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం పెడల్ స్ప్రింగు మార్చడానికి వెళ్ళాను. మహిళల బ్యాచ్ నడుస్తోంది. అందులో స్వరూప అనే అమ్మాయి, తండ్రి జబ్బుపడితే ఆయన ఉద్యోగంలో చేరింది. పరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ మలుపులో రోడ్డంచు మట్టికట్టను గుద్దింది. మూడోసారీ తప్పితే డంపర్ మీద ఆశ వదులుకుని మళ్ళీ యార్డు ఊడ్చే పనికే పోవాలి. ఆ మూడో పరీక్ష మర్నాడే.

శిక్షకుడు రాజమల్లు ముప్పై ఏళ్ళు డంపర్ నడిపినవాడు. “గీ పిల్లకు చెయ్యి కుదురుతలేదు సార్. మధ్యాహ్నం బ్యాచోళ్ళంత గింతే,” అన్నాడు ఆమె ఎదుటే.

స్వరూప తల దించలేదు. “నేను టైముకే తిప్పుతున్న సార్. బొమ్మనే ఎనుక వస్తుంది. ఎవ్వలు నమ్ముతలేరు,” అంది.

వెనక వస్తోందా? ఎంత వెనక? నాకింక స్ప్రింగు సంగతే గుర్తులేదు. నా ఫోన్‌లోని స్లో మోషన్ కెమెరా సెకనుకు రెండొందల నలభై ఫొటోలు తీస్తుంది. స్టీరింగూ తెరా రెండూ కనబడేలా దాన్ని స్టూలు మీద నిలబెట్టి, ఆమెను ఒక్కసారి గట్టిగా తిప్పమన్నాను. తర్వాత వీడియోను ఒక్కో ఫొటో జరుపుతూ, చెయ్యి కదిలినప్పటి నుంచి రోడ్డు కదిలేదాకా లెక్కపెట్టాను. తొంభై ఆరు! మళ్ళీ తీశాను. తొంభై నాలుగు. అంటే దాదాపు అర సెకను. గంటకు పాతిక కిలోమీటర్ల వేగంలో డంపర్ ఆలోపు మూడు మీటర్ల దాకా పోతుంది. తెర మూలన ఫ్రేమ్ రేటు అంకె తెప్పించి చూశాను. అరవై ఉండాల్సిన చోట పన్నెండు!

“పిల్ల తప్పు కాదు రాజమల్లూ, మిషినే లేటు!” అని కేకేశాను.

“ఏంది సార్, జర లేటైతే గంత తేడా ఉంటదా?” అంటూ రాజమల్లే కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ చెయ్యి మూడో మలుపులోనే కట్టను గుద్దింది. గదంతా ఒకటే నవ్వు. రాజమల్లు దిగి, స్వరూప వైపు తిరిగి, “మాఫ్ జెయ్యి బిడ్డా, ఉత్తగనే తిట్టిన,” అన్నాడు.

నేనూ నవ్వుతూనే వెళ్ళి పెట్టె మూత తీశాను. పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడి మొహానికి కొట్టింది. నవ్వు ఆగిపోయింది. గ్రాఫిక్స్ కార్డు మరీ వేడెక్కితే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. దాన్ని ఉడకబెట్టింది నా పెట్టె. చల్లటి పొద్దున కొలిచి, మండే మధ్యాహ్నానికి కూడా సంతకం పెట్టినవాణ్ని నేనే. సిగ్గేసింది.

పెట్టె పక్కన పడేసి టేబుల్ ఫ్యాన్ పెట్టాం. గంట తర్వాత కొలిస్తే ఇరవై నాలుగు ఫొటోలు, ఫ్రేమ్ రేటు అరవై.

శిక్షణాధికారికి రిపోర్టు రాయడానికి కూర్చుంటే, “పెట్టె ముచ్చట ఎందుకు సార్, ఎండకని రాయుండ్రి,” అన్నాడు రాజమల్లు మంచిమనసుతోనే. ఎండకని రాస్తే అది ఆ ఒక్క రోజు మాటే అవుతుంది, పాత ఫలితాలు అలాగే ఉండిపోతాయి. కారణం పెట్టె అనీ, చేయించింది నేననీ రాశాను. వేడి మొదలయ్యాక మధ్యాహ్నం తప్పి వెనక్కి పోయిన ముగ్గురినీ మళ్ళీ పిలవమని కింద చేర్చాను. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. వాళ్ళకు పిలుపు వచ్చింది.

స్వరూప అయితే ఫ్యాన్ పెట్టిన మర్నాడే, అదే వేళకు, అదే మలుపు తిరిగి పాసైంది. ఆ ముగ్గురిలో ఇద్దరు పాసయ్యారు. మూడో ఆమెకు నిజంగానే చెయ్యి కుదరలేదు. ఆ మాట ఈసారి ఏ అనుమానమూ లేకుండా ఆమె మొహం చూసి చెప్పగలిగాం.

మనిషిని కొలిచే యంత్రాన్ని, ఆ మనిషి దాని ముందు కూర్చునే వేళకే కొలవాలి. మిగిలిన సర్వీసంతా లాగ్‌బుక్‌లో నేను రాసిన ప్రతి అంకె పక్కన, ఏ గంటకు కొలిచానో కూడా రాశాను.